మాంటనాలోని మాల్టా: ఆ గడ్డి ఆవులదా, బైసన్లదా?

హైలైన్_డాక్టర్

అమెరికాలో మాంటనా రాష్ట్రం ఉత్తరపు అంచున మాల్టా అని ఒక ఊరుంది. ఫిలిప్స్ కౌంటీకి అదే ముఖ్యపట్టణం. 2020 లెక్కల ప్రకారం ఊళ్లో రెండు వేల మంది లేరు. కౌంటీ అంతా కలిపినా నాలుగు వేల పైచిలుకు. వైశాల్యం మాత్రం 13 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మన పాత గుంటూరు జిల్లా 11,391 చదరపు కిలోమీటర్లు, అందులో 2011లో 48 లక్షల మందికి పైగా ఉన్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడి ఖాళీ ఎంతో అర్థమవుతుంది.

వీసా నిబంధన వల్ల డాక్టర్లు తక్కువగా ఉన్న చోట పనిచేయాల్సి వచ్చి ఆ ప్రాంతంలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఉన్నాను. అమెరికా పల్లెల్లో మన డాక్టర్లు చాలామంది ఇలాగే చేరతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రాంచర్లు, అంటే పెద్ద బీళ్లలో (రాంచ్‌లలో) ఆవుల మందలు పెంచేవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. విరిగిన చెయ్యితో వచ్చిన మనిషి కట్టు కట్టించుకుని, "ఆవులు ఈనుతున్నాయి, వెళ్లాలి" అని లేచిపోయేవాడు. శీతాకాలం చివర్లో, ఎముకలు కొరికే చలిలో, అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కొట్టంలో దూడని బయటికి లాగే పని అది. వసంతం చివర దూడలకు వాతలు వేసేటప్పుడు చుట్టుపక్కల కుటుంబాలన్నీ ఒక రాంచ్‌కి వస్తాయి, తర్వాత అందరూ కలిసి ఇంకో రాంచ్‌కి వెళ్తారు. కూలి డబ్బులుండవు. మన పల్లెల్లో బదులు పనికి వెళ్లేవాళ్లే, అలాగన్నమాట. ఆకులు రాలే కాలంలో దూడల్ని అమ్ముతారు. ఏడాది మొత్తానికి వచ్చే ఆదాయం దాదాపు ఆ ఒక్కసారే.

ఇప్పుడు అసలు సంగతి. 2001లో మొదలైన అమెరికన్ ప్రైరీ అనే లాభాపేక్ష లేని సంస్థ అక్కడి రాంచ్‌లు ఒక్కొక్కటే కొంటోంది. కొన్నవీ, వాటితో వచ్చే ప్రభుత్వ లీజులూ కలిపితే 5 లక్షల ఎకరాలు దాటాయి. పక్కనే 11 లక్షల ఎకరాల చార్లెస్ రస్సెల్ వన్యప్రాణి శరణాలయం ఉంది. ఇలాంటి ప్రభుత్వ భూముల్ని తను కొన్న భూములతో కలిపి 32 లక్షల ఎకరాల గడ్డినేల చేయాలని, అందులో మళ్లీ బైసన్లు, అంటే అమెరికా అడవి దున్నలు, తిరగాలని వాళ్ల లక్ష్యం. యెల్లోస్టోన్ పార్కే 22 లక్షల ఎకరాలు.

"కౌబాయ్‌ని కాపాడండి, అమెరికన్ ప్రైరీని ఆపండి" అని రోడ్ల పక్కన బ్యానర్లు కనిపిస్తాయి. నేను వాళ్ల పక్షమే. బైసన్ మీద నాకు కోపం లేదు. ఒక ఊరు బతకాలంటే కొన్ని కుటుంబాలు ఉండి తీరాలి. అవి ఒక్కొక్కటిగా వెళ్లిపోయేలా డబ్బున్నవాళ్లు భూమి కొంటూ పోతే, ఊరి మాటకు విలువ ఉండాలా వద్దా? మీరేమంటారు?

శారద_బోజ్‌మన్

డాక్టర్ గారూ, మీరు రాసింది చదివి ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది. కానీ కొన్ని విషయాలు వదిలేశారు.

ఆ సంస్థ ఎవరి భూమీ లాక్కోలేదు. అమ్మేవాళ్లు అమ్ముతామంటేనే కొంది. అమ్మింది ఎవరు? రాంచర్లే. ఒక తాత దగ్గర పది వేల ఎకరాలుంటే, కాగితం మీద ఆయన కోటీశ్వరుడు. చేతిలో మాత్రం దూడలమ్మిన డబ్బే. ఆయన పోయాక ముగ్గురు పిల్లల్లో ఒకరు రాంచ్ నడుపుతానంటే, డెన్వర్‌లోనో సియాటిల్‌లోనో ఉన్న మిగతా ఇద్దరికీ వాటా ఇవ్వాలి. భూమి ధర చూస్తే ఆకాశంలో ఉంటుంది. దూడల ఆదాయంతో ఆ వాటా కొనడం జరిగే పని కాదు. అందుకే అమ్ముతారు. బైసన్ సంస్థ కొనకపోతే సెలవులకు వేటకొచ్చే ఏ కోటీశ్వరుడో కొని గేటుకి తాళం వేస్తాడు. ఈ సంస్థ ఆస్తి పన్ను కడుతోంది. నడవడానికి, టెంటు వేసుకోవడానికి, చాలా చోట్ల వేటకు కూడా జనాన్ని రానిస్తోంది. తను కొన్న భూముల్లో చాలా వరకు ఇంకా స్థానిక రాంచర్ల ఆవులే మేస్తున్నాయి, లీజు మీద.

ఇంకో మాట. ఆ రాంచర్లు మేపుకునే గడ్డిలో పెద్ద భాగం వాళ్లది కాదు, అమెరికా ప్రజలందరిదీ. 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం కింద లీజుకిచ్చిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమి అది. ఆవు, దూడ జంటకు నెలకు రుసుము ఎన్నో ఏళ్లపాటు 1.35 డాలర్లే. ప్రైవేటు బీడులో మేపుకోవాలంటే దానికి ఎన్నో రెట్లు కట్టాలి. అందరి భూమి అయినప్పుడు, దాని మీద ఏ జంతువు మేయాలో ఒక్క కౌంటీ ఎలా తేలుస్తుంది?

నల్లమల_అంచు

నేను ప్రకాశం జిల్లావాణ్ణి. మా మేనమామలు ఎండాకాలం గొర్రెల్ని తోలుకుని నల్లమలలోకి వెళ్లేవాళ్లు. పులుల అభయారణ్యం వచ్చాక ఒక్కో దారీ మూసేశారు. అడవి శాఖ వాళ్లకూ మా వాళ్లకూ జరిగిన గొడవలు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మాకు ఎవరూ డబ్బిచ్చి కొనలేదు, ఆర్డరొచ్చింది, అంతే. ఆ రకంగా చూస్తే మాంటనా వాళ్లది మెరుగైన పరిస్థితి అని శారద గారు అనొచ్చు.

నాకలా అనిపించడం లేదు. ఆర్డర్ మీద అయితే కనీసం కోపం చూపించడానికి ఎదురుగా ఒక ఆఫీసు ఉంటుంది, ఓటేసి మార్చగల ప్రభుత్వం ఉంటుంది. కొనుగోలు దగ్గర ఆ దారి కూడా లేదు. పక్కింటివాడు అమ్మేశాడు, వాడి మీద కోపం తెచ్చుకోలేం, వాడి కష్టం వాడిది. ఊరు కరిగిపోతుంటే నింద ఎవరిమీదా వేయలేని స్థితి ఎక్కువ బాధ పెడుతుంది.

డాక్టర్ గారిని అడిగేదొకటి. రాంచ్ ఒకటి తగ్గితే ఊళ్లో నిజంగా ఏం తగ్గుతుంది? లెక్కల్లో కాదు, మీరు కళ్లతో చూసింది చెప్పండి.

హైలైన్_డాక్టర్

నల్లమల అన్నా, చెబుతాను.

అక్కడ మంటలార్పేది జీతమిచ్చి పెట్టుకున్న ఫైర్ సిబ్బంది కాదు. పిడుగు పడి గడ్డి అంటుకుంటే, చుట్టుపక్కల రాంచర్లే నీళ్ల ట్యాంకులున్న పికప్పులేసుకుని పరిగెడతారు. చాలా పల్లెల్లో అంబులెన్స్‌లో వచ్చేది కూడా వాలంటీర్లే. పగలు పొలంలో ఉన్న మనిషే రాత్రి నా దగ్గరికి గుండెపోటు రోగిని తెచ్చేవాడు. కుటుంబం వెళ్లిపోతే ఆ చేతులు పోతాయి. బడిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు తగ్గుతారు. మాంటనాలో చిన్న బడులు పదకొండు మందికి పిల్లలు చాలక ఎనిమిది మందితో, ఆరుగురితో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాయి. అలాంటి చోట ఇద్దరు పిల్లలంటే చిన్న సంఖ్య కాదు. టైర్ల షాపు, దాణా కొట్టు, పశువుల డాక్టరు, అందరికీ ఒక ఖాతా పోతుంది. ఆసుపత్రి సంగతైతే నాకు బాగా తెలుసు. కాన్పులు తగ్గితే కాన్పుల విభాగం నడపడం కష్టం. అది మూతపడితే నెలలు నిండిన అమ్మాయి మంచు రోడ్డు మీద గంటల తరబడి ప్రయాణం చేయాలి.

శారద గారూ, "అందరి భూమి" అన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ లీజు ఊరికే గాలిలో ఉండదు. ఏ సొంత భూమికి అది అంటిపెట్టుకుని ఉందో, ఆ భూమిని కొన్నవాడికి లీజులో ముందు హక్కు దక్కుతుంది. అంటే కొద్ది ఎకరాలు కొంటే చాలా ఎకరాల మీద పట్టు వస్తుంది. ఆ సంస్థ పద్ధతి మొత్తం దీని మీదే నిలబడింది. 2022లో ఫెడరల్ భూముల్ని చూసుకునే బీఎల్‌ఎం అనే శాఖ ఫిలిప్స్ కౌంటీలో 63 వేల ఎకరాలకు పైగా ఫెడరల్ భూమిలో బైసన్లు మేపడానికి అనుమతించినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం, పశుపోషకుల మాంటనా స్టాక్‌గ్రోయర్స్ సంఘం ఎందుకు అప్పీలుకు వెళ్లాయి? టేలర్ గ్రేజింగ్ చట్టం వచ్చింది పశుపోషణని నిలబెట్టడానికి, దాన్ని తప్పించడానికి కాదు అన్నదే వాళ్ల వాదన.

రవి_గ్రేట్‌ఫాల్స్

ఇంతసేపూ మాట్లాడాం, ఆ నేల మొదట ఎవరిదో ఎవరూ ఎత్తలేదు.

మాల్టాకు పడమరగా ఫోర్ట్ బెల్‌నాప్ రిజర్వేషన్ (ఆదివాసీ తెగలకు కేటాయించిన నేల) ఉంది. అక్కడ ఆనీ (Aaniiih), నకోడా అనే తెగల ప్రజలుంటారు. తర్వాత గ్రేట్ నార్తర్న్ అని పేరుపడిన రైలు మార్గం 1887లో ఈ దారిన వచ్చింది. మరుసటి ఏడే, 1888లో, ఉత్తర మాంటనాలోని పెద్ద రిజర్వేషన్‌ని అమెరికా కాంగ్రెస్ మూడు ముక్కలు చేసి మిగతాది వలసదారులకు తెరిచింది. కోట్లలో తిరిగిన బైసన్లు అప్పటికే కొన్ని వందలకు పడిపోయాయి. తర్వాత లిటిల్ రాకీస్ కొండల్లో బంగారం ఉందని తెలిసి 1890ల్లో ఆ ముక్కనీ తీసుకున్నారు. దాదాపు వందేళ్లకు అక్కడే సయనైడుతో బంగారం తీసిన పెగాసస్ గోల్డ్ కంపెనీ 1998లో దివాలా తీసింది. కలుషితమైన నీళ్లు మాత్రం ఆ ప్రజల నెత్తిన పడ్డాయి.

ఆ తెగలు 1970ల నుంచే సొంతంగా బైసన్ మందని పెంచుకుంటున్నాయి. వాళ్లకది పర్యావరణ ప్రాజెక్టు కాదు. తిండి, పూజ, బంధుత్వం అన్నీ అందులో ఉన్నాయి. "నాలుగు తరాలుగా ఇక్కడున్నాం" అని రాంచర్ చెప్పేది నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ తరాలు లెక్కపెట్టడం మొదలుపెడితే వరసలో ముందుండేది ఎవరు? "ఊరి మాట" అన్నప్పుడు డాక్టర్ గారు ఊరి గీత ఎక్కడ గీస్తున్నారో చెప్పాలి.

శారద_బోజ్‌మన్

రవి గారు చెప్పినదానికి ఒకటి జతచేస్తాను. "ఎప్పటి నుంచో ఇలాగే ఉంది" అనే మాట ఆ కౌంటీ చరిత్రలో నిలబడదు. 1886-87 చలికాలంలో మాంటనాలో ఆవులు మందలకు మందలు చచ్చిపోయి పెద్ద పెద్ద పశువుల కంపెనీలు కూలిపోయాయి. తర్వాత 1909 చట్టంతో 320 ఎకరాల చొప్పున ఇస్తామంటే జనం రైళ్లెక్కి వచ్చి దున్నారు. 1917 నుంచి కరువు పట్టుకుంది. వాన లేని ఆ నేలలో గోధుమ పండక వేలమంది వెళ్లిపోయారు. 1930ల్లో ఫెడరల్ ప్రభుత్వమే మాల్టా చుట్టూ దివాలా తీసిన పొలాలు కొనేసి, కొన్ని కుటుంబాల్ని మిల్క్ నది ఒడ్డున సాగునీరున్న భూముల్లోకి మార్చింది. కొన్న పొలాల్ని మళ్లీ గడ్డికి వదిలేసింది. ఇవాళ రాంచర్లు లీజుకు మేపుకుంటున్న బీళ్లలో అవీ ఉన్నాయి. ఒకరి భూమి కొని, ఇంకొకరి మేతకిచ్చిన చరిత్ర అది. అప్పుడు ఒప్పయింది ఇప్పుడు తప్పెలా అవుతుంది?

కొత్తగా_చేరాను

రోగం సంగతి ఎవరైనా చెప్పగలరా? బైసన్ల నుంచి ఆవులకు బ్రూసెల్లోసిస్ అనే అంటురోగం వస్తుందని, దాంతో చూలు ఆవులకు గర్భస్రావం అవుతుందని విన్నాను. రాంచర్ల భయం అదేనా?

రవి_గ్రేట్‌ఫాల్స్

ఆ రోగం ఉన్నది యెల్లోస్టోన్ మందలో. అమెరికన్ ప్రైరీ 2005లో మొదటి 16 బైసన్లను సౌత్ డకోటాలోని విండ్ కేవ్ పార్క్ నుంచి, తర్వాత మరికొన్నిటిని కెనడాలోని ఎల్క్ ఐలాండ్ నుంచి తెచ్చింది. రెండూ రోగం లేని మందలే. కంచె దాటి వస్తే ఎవరు పట్టుకోవాలి, నష్టం ఎవరు కట్టాలి అన్న భయం వేరే. అది న్యాయమైనదే. టన్ను దాకా బరువుండే జంతువు దూకితే మామూలు ముళ్లకంచె ఆపలేదు.

హైలైన్_డాక్టర్

రవి గారి ప్రశ్నకు సూటిగా జవాబిస్తాను. ఊరి గీత గీస్తే ఫోర్ట్ బెల్‌నాప్ లోపలే ఉండాలి. 32 లక్షల ఎకరాల మీద నిర్ణయం జరిగే గదిలో వాళ్లకు మొదటి కుర్చీ వేయాలి. ఆ తెగలు తమ నేలని తామే కొనుక్కుని తమ బైసన్ మంద పెంచుకుంటామంటే నేను అడ్డు చెప్పను. వాళ్లు అక్కడే పుట్టి అక్కడే పోయేవాళ్లు. నా అభ్యంతరం, ఆ మంచు రోడ్ల మీద ఒక్క చలికాలం కూడా గడపని దాతల డబ్బు, దూరాన బోజ్‌మన్‌లో ఉన్న ఆఫీసు కలిసి ఈ ప్రాంతం ఎలా ఉండాలో తేల్చేయడం మీద.

శారద గారూ, 1930ల ఉదాహరణ మీ వాదన కన్నా నా వాదనకే ఎక్కువ సాయం చేస్తుంది. అప్పుడు ప్రభుత్వం కొని వదిలేయలేదు. ఆ కుటుంబాల్లో కొన్నిటికైనా అదే కౌంటీలో, నీళ్లున్న చోట బతుకు చూపించింది. మనుషులు నిలబడ్డారు కాబట్టే ఊరు ఉంది.

ఇదేమీ జరగని పని కాదు. మాల్టాకు దక్షిణాన 60 వేల ఎకరాల మేటడోర్ రాంచ్‌ని 2000లో నేచర్ కన్సర్వెన్సీ కొంది. అది కూడా పర్యావరణ సంస్థే, బయటి డబ్బే. మొదట్లో వాళ్లనీ అనుమానంగానే చూశారు. ఇంతలో కరువొచ్చి రాంచర్లకు గడ్డి చాల్లేదు. ఆ సంస్థ గేటు తెరిచి, మా గడ్డి తక్కువ ధరకు మేపుకోండి, బదులుగా మీ సొంత భూమిలో పచ్చిక దున్నకండి, ప్రైరీ డాగ్‌ల (నేలలో ఉండే ఉడత జాతి జంతువుల) బొరియలు పాడుచేయకండి, సేజ్ గ్రౌస్ పక్షులకు చోటుంచండి అంది. ఎంత కాపాడితే అంత తగ్గింపు. గడ్డి బ్యాంకు అంటారు దాన్ని. రాంచ్ అరవై వేల ఎకరాలే, కానీ దాని వల్ల పక్కవాళ్ల భూముల్లో అంతకు ఎన్నో రెట్లు పచ్చిక నాగలి పడకుండా నిలిచింది. 2003లో రాంచర్లు తామే రాంచర్స్ స్టివార్డ్‌షిప్ అలయన్స్ అని సంఘం పెట్టుకున్నారు. అడవి జంతువులకు అడ్డం రాకుండా కంచెలు మార్చుకోవడం లాంటి పనులు ఇప్పుడు వాళ్లే చేస్తున్నారు.

గడ్డికి మేత జంతువు కావాలి, అది నిజం. ఆవుని సరిగ్గా తిప్పితే గడ్డి బతుకుతుంది, పక్షీ బతుకుతుంది. ఆ ఆవు వెనక ఒక కుటుంబం కూడా బతుకుతుంది. బైసన్ వెనక కుటుంబం ఉండదని నేననడం లేదు, ఫోర్ట్ బెల్‌నాప్‌లో ఉంది. అమెరికన్ ప్రైరీ భూముల్లో తొమ్మిది వందల బైసన్ల వెనక ఎన్ని ఇళ్లల్లో దీపం వెలుగుతోంది, వాళ్ల పిల్లలు ఎంతమంది మాల్టా బడికి వస్తున్నారు?

నల్లమల_అంచు

ఈ గడ్డి బ్యాంకు సంగతి మొదటిసారి వింటున్నాను. మా దగ్గర అడవి శాఖ మేనమామలతో ఒక్కసారైనా ఇలా బేరానికి కూర్చుని ఉంటే బాగుండేది. డాక్టర్ గారూ, తగ్గింపు లెక్క ఎలా వేస్తారో, ఎవరు వచ్చి చూస్తారో తెలిస్తే వివరంగా రాయండి. ఇక్కడ గొర్రెల సొసైటీ వాళ్లకు చూపిస్తాను.

శారద_బోజ్‌మన్

డాక్టర్ గారి చివరి ప్రశ్న న్యాయమైనది. ఆ సంస్థ ఎప్పుడూ ఎకరాలు, బైసన్లు లెక్క చెబుతుంది. అక్కడ కాపురముండే ఉద్యోగులు, బడిపిల్లలు కూడా ఏటా లెక్క చెప్పాలని నేనూ అంటాను. కానీ మేటడోర్ దారి ఒక్కటే సరిపోతుందని ఒప్పుకోను. ఆవుల ధర పడిపోయిన ఏడాది, నాలుగు పెద్ద మాంసం కంపెనీలు దాదాపు 85 శాతం మార్కెట్ చేతిలో పెట్టుకుని రేటు చెప్పే ఏడాది, గడ్డి తక్కువకు దొరికినా రాంచ్ నిలబడదు. తాత పోయాక ముగ్గురు పిల్లల వాటాల సమస్య అలాగే ఉంటుంది. మీరు బైసన్ని ఆపగలిగినా అమ్మకం ఆగదు. దానికి మీ దగ్గర ఏం జవాబుంది?