సంక్రాంతి సీజన్‌లో బట్టల షాపు స్టాఫ్‌ని ఎలా సర్దుకోవాలి? (విజయవాడ)

బీసెంట్_రోడ్_క్లాత్:
బీసెంట్ రోడ్డు దగ్గర రెండు ఫ్లోర్ల షాపు మాది. కింద రెడీమేడ్స్, పైన చీరలు, డ్రెస్ మెటీరియల్. పర్మనెంట్ స్టాఫ్ 24 మంది, అందులో 15 మంది ఆడవాళ్లు. డిసెంబర్ 10 నుంచి భోగి దాకా ఇంకో 8 మందిని టెంపరరీగా తీసుకుంటాం. క్రిస్మస్ రష్ తగ్గకముందే సంక్రాంతి రష్ మొదలవుతుంది. ఏటా వచ్చే ఇబ్బందులు ఇవే: అందరూ ఒకేసారి లీవు అడుగుతారు. షట్టర్ వేశాక మడతలు పెట్టేసరికి రాత్రి పదకొండు అవుతుంది. కాళ్లనొప్పులు, జ్వరాలు అని జనవరి మొదటి వారంలో నలుగురైదుగురు మానేస్తారు. కనుమ తర్వాత సగం మంది తిరిగి రారు. జీతం పెంచడం ఒక్కటే దారి అనకండి, అది ఎలాగూ చేస్తున్నాం. షిఫ్టులు, లీవులు, ఇన్సెంటివ్ ఎలా వేయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఫ్లోర్_సూపర్‌వైజర్:
ముందు లీవుల సంగతి తేల్చండి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. డిసెంబర్‌లో కూర్చుంటే ఆలస్యం అయిపోయినట్టే. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే జనవరి 13 ప్రయాణానికి నవంబర్ 14నే టికెట్లు మొదలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లుంటే లీవు ఖాయమని ఆ తేదీలోపే చెప్పాలి. టికెట్ దొరక్కపోతే ఏ బస్సు దొరికితే ఆ బస్సుకి పదకొండో తేదీనే వెళ్లిపోతారు. మీకు ఆ రెండు రోజులూ పోయినట్టే.

లీవు లిస్టు ఒకటి కాదు, మూడు రాయండి. మొదటిది క్రిస్మస్ చేసుకునేవాళ్లది. వాళ్లకి 24 సాయంత్రం, 25 పూర్తిగా, 31 రాత్రి ఆరాధన, జనవరి 1 కావాలి. రెండోది సంక్రాంతి వాళ్లది. మూడోది మాల వేసుకున్నవాళ్లది, దీన్ని చాలామంది ఓనర్లు లెక్కలోకే తీసుకోరు. ఒకటి, రెండు లిస్టుల మధ్య మార్పిడి పెట్టండి. క్రిస్మస్ లీవు తీసుకున్నవాళ్లు జనవరి 12, 13, 14 కచ్చితంగా రావాలి. సంక్రాంతి లీవు కావాలన్నవాళ్లు 23, 24, 25, 31 నిలబడాలి. మన దగ్గర రెండు మతాల వాళ్లూ పనిచేస్తారు కాబట్టి ఈ పద్ధతి బాగా కుదురుతుంది. ఎవరి తేదీలు ఎవరికి పడ్డాయో గోడకి అంటించండి. మీరు నోటితో ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఒకటి చెబితే జనవరి పదికల్లా గొడవ తప్పదు.

మాల వేసుకున్న స్వాముల విషయం. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష. పైగా చెప్పులుండవు. డిసెంబర్ చలిలో గ్రానైట్ ఫ్లోర్ మీద పది గంటలు నిలబడితే మడమలు పగులుతాయి, పిక్కలు పట్టేస్తాయి. వాళ్లు నిలబడే చోట గోనెపట్టా గానీ కొబ్బరి పీచు పట్టా గానీ వేయండి. లంచ్‌కి మొదటి బ్యాచ్‌లో పంపండి, భిక్ష ఆలస్యం చేయొద్దు. శబరిమల ప్రయాణం ఏ తేదీనో మాల వేసుకున్న రోజే అడిగి రాసుకోండి. మకరజ్యోతికి వెళ్లేవాళ్లయితే మీ రష్ చివరి వారమంతా ఉండరు, వాళ్లని ఆ లెక్కలోంచి ముందే తీసేయండి.

భవానీ దీక్ష విరమణ రోజుల్లో కెనాల్ రోడ్డు, ఘాట్ల వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి, భవానీపురం నుంచి వచ్చేవాళ్లు ఎంత ముందు బయల్దేరినా ఆలస్యమవుతుంది. ఆ నాలుగైదు రోజులు వాళ్లని మధ్యాహ్నం షిఫ్టుకి మార్చేస్తే సరి, లేటు ఫైన్ వేయడంలో అర్థం లేదు.

మడతబల్ల:
షిఫ్టుల గురించి నేను చెబుతాను. అందర్నీ పొద్దున తొమ్మిదిన్నరకి రమ్మని రాత్రి పది దాకా ఉంచడమే అసలు తప్పు. రోజులో రష్ రెండుసార్లు వస్తుంది. నూజివీడు, మైలవరం, గుడివాడ వైపు పల్లెల నుంచి కుటుంబాలతో వచ్చేవాళ్లు పదకొండు నుంచి మూడు మధ్య కొనుక్కుని పొద్దు ఉండగానే బస్సెక్కేస్తారు. ఊళ్లోవాళ్లు, ఉద్యోగాల వాళ్లు అయిదున్నర తర్వాత వస్తారు. కాబట్టి ఎ షిఫ్టు 9:30 నుంచి 6:30, బి షిఫ్టు 12:30 నుంచి 9:30. మధ్యలో గంట విరామం తీసేస్తే ఒక్కొక్కరికి ఎనిమిది గంటలు. వారానికి ఆరు రోజులు, 48 గంటలు. రెండు షిఫ్టులూ కలిసే ఆరు గంటలే మీకు నిండా మనుషులు ఉండే సమయం. పల్లె రష్ ఎక్కువ భాగం అందులోనే పడుతుంది, సాయంత్రం రష్‌కి బి షిఫ్టులో మనుషుల్ని కాస్త ఎక్కువగా వేయండి. వీక్లీ ఆఫ్ రద్దు చేయొద్దు. మంగళవారం కొత్త బట్టలు కొనేవాళ్లు తక్కువ కాబట్టి ఎక్కువ ఆఫ్‌లు ఆ రోజు, మిగతావి బుధవారం ఇవ్వండి.

నెలగంట పెట్టిన దగ్గర్నుంచి ఆడవాళ్లు నాలుగింటికే లేచి కల్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు చూసుకుంటారు. రాత్రి పదకొండింటికి ఇంటికి చేరిన మనిషి నాలుగింటికి లేస్తే నిద్ర ఎన్ని గంటలు? జనవరి మొదటి వారం జ్వరాలకి చలి కన్నా ఇదే పెద్ద కారణం. ఇంట్లో ఆ పని ఉన్నవాళ్లకి వరుసగా బి షిఫ్టు వేయకండి, వారం అటు వారం ఇటు మార్చండి.

ఇక మడతలు. రాత్రి గుట్ట ఎందుకు పడుతుందంటే, కస్టమర్ ముందు నలభై చీరలు విప్పేసి, ఆవిడ లేవగానే ఇంకో ఆవిడ కూర్చుంటుంది. సేల్స్‌గర్ల్ అవి మడతపెట్టదు, పక్కకి నెడుతుంది. దానికి రెండు పనులు చేయాలి. ఒకటి, ముగ్గురు సేల్స్‌వాళ్లకి ఒక టెంపరరీ మనిషిని మడతలకే కేటాయించండి. పని లేనట్టు కనిపించినా అక్కడి నుంచి కదిలించొద్దు. రెండు, బల్ల మీద పదిహేను దాటి చీరలు తెరిచి ఉండకూడదు. పదహారోది తీయాలంటే నచ్చనివి వెనక్కి ఇచ్చేయాలి. కస్టమర్‌కి కూడా ఇదే మంచిది, ఎక్కువ కనిపిస్తే ఏదీ తేల్చుకోలేరు.

టెంపరరీ వాళ్లని మొదటి రోజే పట్టు కౌంటర్‌కి పంపొద్దు. జరీ చీరని పాత మడత గీత మీదే మళ్లీ మళ్లీ గట్టిగా నొక్కితే అక్కడ జరీ తెగుతుంది. వేరే గీత మీద మడవాలని తెలియాలి. హడావుడిలో ఇంకో తప్పు జరుగుతుంది, ఒక చీర ట్యాగ్ ఇంకో చీర మడతలోకి వెళ్తుంది. బిల్లింగ్‌లో 1,850 చీర 850కి పోతుంది. తర్వాత ఆ తేడా ఎవరి మీద వేస్తారు? అందుకే కొత్తవాళ్లకి మొదటి రెండు రోజులూ మడత, ట్యాగ్, ప్యాకింగ్ మాత్రమే. మూడో రోజు నుంచి నైటీలు, లెగ్గింగ్స్, పిల్లల రెడీమేడ్స్. డ్రెస్ మెటీరియల్‌కి వారం తర్వాత చూద్దాం.

నిలబడే విషయంలో: ప్రతి కౌంటర్ వెనక ఒక స్టూలు ఉండాలి. కస్టమర్ లేనప్పుడు కూర్చుంటే గౌరవం తగ్గుతుందనుకునే ఓనర్లు ఇంకా ఉన్నారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలు సవరించి స్టాఫ్‌కి కూర్చునే ఏర్పాటు ఉండాలన్నాయి. మనం అక్కడి నుంచి స్టాకు తెచ్చుకుంటాం కదా, ఈ పద్ధతి కూడా తెచ్చుకోవచ్చు.

మంచినీళ్లు పెట్టాం కదా అనుకోకండి. చలికాలంలో దాహం తెలియదు, దానికి తోడు బాత్రూమ్ మూడో అంతస్తులో ఉంటే అమ్మాయిలు కావాలనే నీళ్లు తాగరు. సాయంత్రానికి తలనొప్పి, పది రోజులకి యూరిన్ ఇన్‌ఫెక్షన్. బాత్రూమ్‌లో గడియ, లైటు, బకెట్, మూత ఉన్న చెత్తబుట్ట, ఈ నాలుగూ చూడండి. ఫ్లోర్‌కి ఒక రిలీవర్ ఉండాలి. "వెళ్లొస్తాను" అని చెప్పగానే ఆ మనిషి కౌంటర్‌లోకి రావాలి. ఎవరినీ పర్మిషన్ అడగనవసరం లేకుండా చేయండి.

సాయంత్రం నాలుగున్నరకి టీ ఒక్కటే ఇస్తే ఏడింటికి కళ్లు తిరుగుతాయి, ఎందుకంటే వాళ్ల రాత్రి భోజనం పదిన్నరకి. 30 మందికి కిలోన్నర శనగలు ముందురోజు రాత్రి నానబెట్టి ఉడికిస్తే మనిషికో దోసెడు వస్తాయి, ఒక్కో అరటిపండు కలిపితే చాలు. బజ్జీలు తెప్పించొద్దు, నూనె చేతులు చీరలకి అంటుతాయి.

లెక్కల_పుస్తకం:
డబ్బు విషయాలు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు జీతం ఇవ్వాలి, "సీజన్ కదా" అనే మాట చెల్లదు. ఏ రోజు ఎన్ని గంటలో ఆ రాత్రే రిజిస్టర్‌లో రాసి సంతకం తీసుకోండి. నెలాఖరున గుర్తు చేసుకుని రాస్తే మీ లెక్క, వాళ్ల లెక్క కలవవు.

టెంపరరీ వాళ్లకి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) అక్కర్లేదనుకోవడం పొరపాటు. జీతం 21,000 లోపు ఉంటే వాళ్లూ లెక్కలోకి వస్తారు, షాపు వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75. గోడౌన్‌లో నిచ్చెన మీద నుంచి ఎవరైనా పడితే అప్పుడు తెలుస్తుంది దీని విలువ. వయసుకి ఆధార్ చూడండి. ఇంటర్ పిల్లలు సెలవుల్లో వస్తామంటారు, 18 నిండనివాళ్లని తీసుకోకపోవడమే మంచిది.

ఇన్సెంటివ్‌ని మనిషికి ఇంతని పీస్ లెక్కన పెడితే కస్టమర్‌ని లాక్కోవడాలు మొదలవుతాయి. 300 నైటీ అడిగినావిడని ఎవరూ పట్టించుకోరు, మడతలు ఎవరూ పెట్టరు. ఫ్లోర్ మొత్తానికి కలిపి పెట్టండి. ఉదాహరణకి, ఫ్లోర్ అమ్మకంలో అర శాతం అనుకుంటే మూడు లక్షల రోజుకి 1,500. అందులో 900 ఆ రోజు ఫ్లోర్‌లో పనిచేసిన అందరికీ సమానంగా, మడత మనిషికి కూడా. మిగతా 600 ఎక్కువ బిల్లులు చేసిన ముగ్గురికి. శనివారం శనివారం చేతిలో పెట్టండి. ఫిబ్రవరిలో ఇచ్చే ఇన్సెంటివ్ కోసం డిసెంబర్‌లో ఎవరూ కష్టపడరు.

కనుమ తర్వాత తిరిగి రాని సమస్యకి: సీజన్ బోనస్‌ని రెండు ముక్కలు చేయండి. సగం భోగి ముందురోజు, సగం ఫిబ్రవరి మొదటి జీతంతో. జనవరి 19కల్లా డ్యూటీకి వచ్చినవాళ్లకి రెండో సగం అని డిసెంబర్ ఒకటినే కాగితం మీద రాసివ్వండి. జీతాన్ని మాత్రం ఎప్పుడూ ఆపొద్దు. మానేసినవాళ్లకి కూడా వేతనాల కోడ్ ప్రకారం రెండు పని దినాల్లో సెటిల్ చేయాలి. అడ్వాన్స్ అడిగితే జనవరి 5 లోపే ఇవ్వండి, మూడు నెలల్లో కోసుకోండి. పండగ ముందురోజు ఇచ్చిన అడ్వాన్స్‌తో వాళ్ల ఇంట్లో ఏ పనీ కాదు.

ఇంకొకటి. స్టాఫ్ డిస్కౌంట్ బట్టలు 13 రాత్రి ఇస్తారు చాలా షాపుల్లో. అప్పటికి సైజులు పోయి, వదిలేసిన రంగులే మిగులుతాయి. నెల రోజులు ఊరందరికీ బట్టలు చూపించిన మనిషి తన పిల్లకి మిగిలిపోయింది పట్టుకెళ్లడం బాగుండదు. జనవరి 6, 7 తేదీల్లో షాపు తెరవకముందు గంటసేపు స్టాఫ్‌కి వదిలేయండి.

మడతబల్ల:
ఇన్సెంటివ్ మీద చిన్న తేడా నాది. పైన పట్టు కౌంటర్‌కి ఉమ్మడి లెక్క కుదరదు. అక్కడ ఒక్క పెళ్లి బేరానికి సీనియర్ మూడు గంటలు కూర్చుంటుంది. ఆ కౌంటర్‌ని విడిగా ఉంచి, కింద రెడీమేడ్స్‌కి మాత్రం మీరు చెప్పినట్టు చేస్తే గొడవ ఉండదు.

లెక్కల_పుస్తకం:
ఒప్పుకుంటాను. కాకపోతే పట్టు కౌంటర్ మడత మనిషి వాటా మర్చిపోవద్దు.

రింగ్_రోడ్:
రాత్రి ఇంటికి చేరడం గురించి ఎవరూ రాయలేదు. స్త్రీశక్తి పథకంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కాబట్టి చాలామంది ఆటో మానేసి బస్సుకే వస్తున్నారు. మీరు చూడాల్సింది వాళ్ల రూట్‌లో చివరి బస్సు ఎప్పుడన్నది. నున్న, కంకిపాడు, కొండపల్లి వాళ్ల పేర్ల పక్కన ఆ టైమ్ రాసిపెట్టుకుని, దానికి నలభై నిమిషాల ముందు వదిలేయండి. బిల్లింగ్, క్యాష్ లాంటి చివరిదాకా ఉండే పనులు దగ్గర్లో ఉండేవాళ్లకి ఇవ్వండి. తప్పనిసరిగా ఆపితే రూట్ ప్రకారం ఆటో మీరే మాట్లాడాలి. ఆటో నంబర్ రాసుకోవాలి, ఆడమనిషి ఒక్కతే చివరికి మిగలకుండా దింపే వరస చూడాలి, ఇంటికి చేరాక గ్రూప్‌లో మెసేజ్ పెట్టించాలి. మెసేజ్ రాకపోతే ఫోన్ చేసేది ఎవరో కూడా ముందే అనుకోండి.

బీసెంట్_రోడ్_క్లాత్:
చాలా థ్యాంక్స్ అండి. మూడు లిస్టుల పద్ధతి, మడత మనిషి రెండూ ఈ వారమే మొదలుపెడతాను. ఒక్క సందేహం. రష్‌లో కస్టమర్లు అమ్మాయిల మీద అరుస్తారు, ఎక్కువగా ఎక్స్ఛేంజ్ దగ్గర. అక్కడ ఏం చేయాలి?

ఫ్లోర్_సూపర్‌వైజర్:
ఎక్స్ఛేంజ్‌ని సేల్స్ కౌంటర్ నుంచి తీసేయండి. జనవరి 10 నుంచి 14 దాకా ఎక్స్ఛేంజ్ లేదు, 18 నుంచి 25 దాకా పొద్దున 11 నుంచి 3 వరకు మాత్రమే, అని బిల్లు మీద స్టాంపు కొట్టించండి. బిల్లింగ్ అమ్మాయి డబ్బు తీసుకునే ముందు ఆ మాట నోటితో కూడా చెప్పాలి. అయినా గొంతు పెంచితే అమ్మాయి రెండో మాట అనకుండా సూపర్‌వైజర్‌ని పిలవాలి. ఆయన వచ్చి కస్టమర్‌ని పక్క కుర్చీ దగ్గరికి తీసుకెళ్లి మాట్లాడాలి, అమ్మాయి తన పనిలో పడిపోవాలి. కస్టమర్ ముందు స్టాఫ్‌ని తిట్టి ఆయన్ని చల్లబరిచే అలవాటు మీ సూపర్‌వైజర్‌కి ఉంటే ముందు అది మాన్పించండి. తప్పు అమ్మాయిదే అయినా షట్టర్ వేశాక, విడిగా. 18, 19 తేదీల్లో ఎక్స్ఛేంజ్‌కి ఇద్దరు కావాలి, ఆ ఇద్దరి పేర్లు కూడా క్రిస్మస్ లిస్టు నుంచే రాయండి, సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు అప్పటికి పూర్తిగా తిరిగి రారు.