స్టూడియో పెద్దదైతే బాగుపడినట్టేనా? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి_కుర్రోడు: మనూళ్ళో ఆ రెండు గదుల రికార్డింగ్ స్టూడియో వాళ్ళు మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల్లోకి మారుతున్నారంట. వెంటనే అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో ఉన్న సన్ స్టూడియో గుర్తొచ్చింది. శామ్ ఫిలిప్స్ 1950లో యూనియన్ ఎవెన్యూలో చిన్న గదిలో మొదలెట్టి, పెళ్ళిళ్ళూ చావులూ కూడా రికార్డు చేసి నెట్టుకొచ్చాడు, 1952లో సన్ అని సొంత లేబుల్ (రికార్డుల కంపెనీ) పెట్టాడు, 1960లో మాడిసన్ ఎవెన్యూలో పెద్దది తెరిచాడు. అయినా జనం చూడ్డానికి ఎగబడేది ఆ పాత గదినే. మరి మనోళ్ళు మారడం ఎదుగుదలేనంటారా?

గుణుపురం_మేస్టారు: గదిలో ఏటుంది బాబూ. ఆ సన్ పాటల్లో వినిపించే ఎకో (ప్రతిధ్వని) గోడల్లోంచి రాలేదు. రెండో టేపు మిషన్‌లో శబ్దం ఎక్కించే రికార్డు హెడ్డుకీ, వినిపించే ప్లేబ్యాక్ హెడ్డుకీ మధ్య దూరం వల్ల శబ్దం కొంచెం లేటవుద్ది, ఫిలిప్స్ దాన్ని మళ్ళీ అసలు పాటలో కలిపేవాడు.

సైకిల్_బావ: ఇప్పుడది కంప్యూటర్లో ప్లగిన్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ మేస్టారూ, ఒక్క క్లిక్కు

గుణుపురం_మేస్టారు: క్లిక్కు కాదు. టేపు స్పీడు రెట్టింపు చేస్తే ఆ లేటు సగమవుద్ది, ఆ తేడా చెవికి తెలుస్తది.

పర్లాకిమిడి_కుర్రోడు: టేపు గురించి ఎవడడిగాడండీ

సైకిల్_బావ: 1953లో ఎల్విస్ ప్రెస్లీ అంతటి గాయకుడే ఆ సన్‌లో నాలుగు డాలర్ల దాకా కట్టి పాడుకున్నాడు. ఇక్కడ గంటకి రేటు చెప్తే ఏడుపెందుకు? అప్పుల్లో ఉండి ఫిలిప్స్ 1955లో ఎల్విస్ కాంట్రాక్టుని ఆర్‌సీఏ అనే పెద్ద రికార్డుల కంపెనీకి 35,000 డాలర్లకి అమ్ముకున్నాడు. వ్యాపారమన్నాక అంతే.

జముకు_చెల్లి: రేటు కోసం ఎవరూ ఏడవట్లేదు అన్నయ్యా. మా చిన్నాన్న జముకు వాయిద్యంతో పాడే జముకుల కథ చెప్తారు. ఆ స్టూడియోకి పనే లేని రోజుల్లో ఈయనే తోటోళ్ళని పోగేసి తీసుకెళ్ళి పాడించారు, ఇచ్చింది భోజనం ఖర్చులు, యూట్యూబ్‌లో పెట్టినప్పుడు ఆయన పేరు కూడా లేదు. ఇప్పుడు ఒరియా ఆల్బమ్‌లు వరసగా వస్తుంటే డేట్లు ఖాళీ లేవంట.

సైకిల్_బావ: ఇక్కడ మార్కెట్టు ఒరియాదే, నన్నేం చేయమంటావు

పర్లాకిమిడి_కుర్రోడు: 1936లో మనల్ని ఒరిస్సాలో కలిపినప్పట్నించీ ఇదే మాట. సన్ లేబుల్‌కి 1953లో మొదటి హిట్టిచ్చింది రూఫస్ థామస్, నల్లజాతి గాయకుడు. ఎల్విస్ వచ్చాక ఆయన్ని పక్కనెట్టారు, ఆ కోపం ఆయన దాచుకోలేదు కూడా. నువ్వు చెప్పే ఎదుగుదల ఇదే కదా? అయినా ఆ స్టూడియో మీ మామయ్యదని అందరికీ తెల్సులే.

సైకిల్_బావ: మామయ్యదైతే?? కరెంటు బిల్లు మీరు కట్టారా? రికార్డింగ్ మీద కాపీరైట్ తీసినోడిదే, చట్టమే అలా ఉంది

జముకు_చెల్లి: సగమే చెప్పకు. పాడినోళ్ళకీ హక్కుంది, 2012 సవరణలో పేరు వేయమని అడిగే హక్కు కూడా చేర్చారు. డబ్బులు వదిలెయ్, పేరు వేస్తారా, కొత్తదాంట్లో డేటు ఇస్తారా?

గుణుపురం_మేస్టారు: జముకు రికార్డు చేయాలంటే మైకు దగ్గరగా పెట్టకూడదమ్మా, నాదం చెదిరిపోద్ది

సైకిల్_బావ: పేరు సంగతి మామయ్యని అడుగుతా. డేటు మాత్రం అందరితో పాటే, రేటు తగ్గదు.