కార్నియా మందం ఒకచోట 512, ఇంకోచోట 489: మా అమ్మాయికి లాసిక్ చేయించవచ్చా?

అమలాపురం నాన్న: మా అమ్మాయికి 22 ఏళ్లు, రెండు కళ్లకూ మైనస్ 6. కాకినాడలో మొద్దుబార్చే చుక్కలు వేసి, పెన్నులాంటి ప్రోబ్‌ను నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు, అంటే కార్నియాకు ఆనించి, మందం 512 మైక్రాన్లన్నారు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). రాజమండ్రిలో కంటిని తాకకుండా ఫొటోలతో కొలిచే పెంటాకామ్ యంత్రం మీద 489 వచ్చింది. దేనిని నమ్మాలో తెలిసినవారు చెప్పగలరు.

భీమవరం ఆప్టో: 18 ఏళ్లుగా నేను ఈ కొలతలే తీస్తున్నాను. ఎన్ని యంత్రాలు వచ్చినా సరిచూసుకునేది కాకినాడలో వాడినలాంటి అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తోనే. లాసిక్‌లో కోసి పైకి లేపే పొరకు (ఫ్లాప్‌కు) 110, మైనస్ 6 పోగొట్టడానికి లేజర్ చెక్కేది సుమారు 90, వెరసి 200 మైక్రాన్లు. 512లో అది 39 శాతం. హద్దుగా చూసుకునే 40 శాతం దాటలేదు కనుక నిశ్చింతగా చేయించండి.

నరసాపురం వాసి: అదే 200ను 489లో లెక్కకట్టండి, 41 శాతం దగ్గరకు వస్తుంది. అనుకూలమైన అంకెను ఏరుకునేటప్పుడు ఇక లెక్క దేనికండీ?

తణుకు తమ్ముడు: రెండూ కలిపి సగం చేస్తే 500 గదా.

భీమవరం ఆప్టో: సగటు తీయడానికి ఇవి పరీక్ష మార్కులు కావు తమ్ముడూ.

నరసాపురం వాసి: ప్రోబ్ కాస్త ఏటవాలుగా ఆనితే మందం ఎక్కువ చూపిస్తుంది. పైగా అది కొలిచేది నడిమధ్యన. కార్నియా అన్నిటికంటె పలచగా ఉండే చోటు సాధారణంగా కొంచెం కిందికి, కణత వైపు ఉంటుంది, యంత్రం చూపిన 489 ఆ చోటిదై ఉండవచ్చు. 2011లో నాకు 548 ఉందని చెప్పి ఆపరేషన్ చేశారు. నాలుగేళ్లకు ఎడమ కార్నియా ముందుకు ఉబ్బి, వీధిదీపం ఒక్కటుంటే మూడు కనబడసాగాయి. ఆపరేషన్‌కు ముందు తీసిన కార్నియా వంపుల పటంలో కింది సగం వంపు అప్పటికే ఎక్కువగా ఉందని తర్వాత చూసిన డాక్టరుగారు చెప్పారు.

భీమవరం ఆప్టో: మీకు జరిగినదానికి బాధగానే ఉంది, కాని ఆ కోపం కొలత తీసేవాళ్ల మీద చూపడం న్యాయం కాదు. ప్రోబ్ జారిందనిపిస్తే ఆ అంకెను కొట్టేసి మళ్లీ మళ్లీ తీస్తాం.

నరసాపురం వాసి: నా 548 కూడా సరైన కొలతేనండి, దానిని నేను తప్పుపట్టలేదు. అది చూసి ఒకాయన నాతో అన్నమాట "నిశ్చింతగా చేయించుకో" అనే. పటం చూడకుండా, అమ్మాయి సంగతి అడగకుండా, ఇప్పుడు మీరూ ఆ మాటే అన్నారు.

భీమవరం ఆప్టో: ఆ మాట అనకుండా ఉండవలసింది, ఒప్పుకుంటున్నాను. నాన్నగారూ, అమ్మాయి కాంటాక్ట్ లెన్సులు ఎప్పుడు మానింది?

అమలాపురం నాన్న: కాకినాడ వెళ్లే ముందురోజు దాకా మెత్తటి లెన్సులే పెట్టుకుంది. నూర్పిళ్ల దుమ్ముకు కళ్లు నలుపుకోవడం చిన్నప్పటి అలవాటు. మాఘమాసంలో సంబంధంవారు చూడటానికి వస్తామన్నారు, ఈలోగా కళ్లజోడు పోతుందని తొందరపడ్డాను.

భీమవరం ఆప్టో: లెన్సుల వల్ల కార్నియా కొలతలు మారతాయి, అయితే ఆ రెండు అంకెలూ పక్కన పెట్టండి. లెన్సులు వారానికి తగ్గకుండా, వీలైతే రెండు వారాలు మానిపించి పటం మళ్లీ తీయించండి. నలుపుకునే సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

అమలాపురం నాన్న: లెన్సుల డబ్బా ఇప్పుడే బీరువాలో పెట్టి తాళం వేశాను. అమ్మాయి అలిగి కూర్చుంది.