జూనియర్లు వరసగా మానేస్తుంటే పార్ట్‌నర్ వాటాలో కోత పెట్టాలా?

ఫైలుమోత:
మా లా ఫర్మ్‌లో వెల్‌బీయింగ్ కమిటీ వేశారు. ఒక ధ్యానం యాప్ ఇచ్చారు, నెలకో వెబినార్ పెడుతున్నారు. క్లయింట్‌కు బిల్లు వేసే గంటలే మా టార్గెట్‌లో లెక్కకొస్తాయి. ఆ వెబినార్‌కు పోయిన గంట బిల్లులో పడదు కాబట్టి రాత్రి కూర్చుని పూడ్చుకోవాలి. నేను అడిగేది ఒకటే. ఒకే పార్ట్‌నర్ కింద పనిచేసేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మానేస్తుంటే, ఏడాది చివర ఆయన లాభం వాటాలో కోత ఎందుకు పెట్టరు? క్లయింట్ పోతే ఆయన్ని కూర్చోబెట్టి అడుగుతారు. జూనియర్ పోతే కేకు కోయిస్తారు, అంతే.

పాతకోటు:
చాలా ఏళ్లుగా పార్ట్‌నర్‌గా ఉన్నవాడిగా చెప్తున్నాను. మనుషులు సవాలక్ష కారణాలతో మానేస్తారు. ఒకరు పై చదువుకు వెళ్తారు, ఇంకొకరు కంపెనీలో లీగల్ ఉద్యోగం చూసుకుంటారు. దానికి నా జేబులో చెయ్యి పెడతారా? కోత పెడితే ఏమవుతుందో కూడా చెప్తాను. కష్టమైన ఫైళ్లు జూనియర్లకు ఇవ్వడం మానేస్తాం. అప్పుడు ఎవరూ అలిసిపోరు, ఎవరికీ పనీ రాదు.

పెన్‌డ్రైవ్:
వాటా సంగతి తర్వాత. రాత్రి పదకొండు దాటాక 'పొద్దున్నే కావాలి' అని మెయిల్ పెట్టడం ఆపితే చాలు.

పాతకోటు:
నాకు అప్పుడే గుర్తొస్తుంది, అప్పుడే పెడతాను. అప్పటికప్పుడు జవాబివ్వమని ఏనాడూ అడగలేదు.

పెన్‌డ్రైవ్:
మెయిల్‌ను పొద్దున వెళ్లేలా పెట్టుకోవచ్చు సార్. బటన్ ఉంది.

పాతకోటు:
బటన్ ఉందని నాకూ తెలుసు. రాత్రి ఫోన్ చూడకుండా పడుకోవడానికి మీకూ ఒక బటన్ ఉంది.

ఫైలుమోత:
మీరు అడగక్కర్లేదు సార్. అసెస్‌మెంట్‌లో 'స్పందన చురుగ్గా లేదు' అని ఎవరు రాస్తారో మాకు తెలుసు. అయినా ఈ మెయిల్ గొడవ వదిలేయండి, టాపిక్ పక్కదారి పట్టింది.

(పట్టకుండా ఎలా ఉంటుంది? తర్వాత పది పోస్టులు దాని మీదే నడిచాయి. వాటిని వేరే థ్రెడ్‌లోకి మార్చాను. – మోడరేటర్)

లెక్కలరాయుడు:
కాస్త ఆధారాలతో మాట్లాడుకుందాం. 2016లో అమెరికా లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్, వ్యసనాలకు చికిత్స చేసే హేజల్డెన్ బెటీ ఫోర్డ్ ఫౌండేషన్ కలిసి దాదాపు 13,000 మంది లాయర్ల మీద చేసిన సర్వే ప్రచురించారు. 28 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. ఐదుగురిలో ఒకరి తాగుడు ప్రమాదకరమైన స్థాయిలో ఉంది, వృత్తిలోకి వచ్చిన మొదటి పదేళ్లవాళ్లలో అది మరీ ఎక్కువ. ఇంకోటి. 1958లో అదే బార్ అసోసియేషన్ ఏడాదికి 1,300 గంటలు బిల్లు చేయడం సబబైన లెక్క అంది. ఇప్పుడు అక్కడి పెద్ద ఫర్మ్‌లలో 1,900, 2,000 టార్గెట్ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆరు నిమిషాలకో యూనిట్ చొప్పున రాసుకుంటూ అన్ని గంటలు చూపించాలంటే ఆఫీసులో ఎంతసేపు ఉండాలో ఆలోచించండి.

పాతకోటు:
1958లో ఈమెయిల్ లేదు, ఫోన్ జేబులోకి రాలేదు, క్లయింట్ వారం ఆగేవాడు. ఆ అంకెతో ఇప్పుడేం చేసుకోవాలి? పైగా మేం ఇంతకన్నా ఎక్కువే పడ్డాం. మాకు కమిటీలు లేవు.

ఫైలుమోత:
వచ్చేసింది. 'మేం పడ్డాం.' పడ్డారు కాబట్టి మేమూ పడాలి, అంతేనా?

నీలిసిరా:
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను, ఇక రాస్తాను. పాత ఫర్మ్‌లో ఒక ఒప్పందం డ్రాఫ్ట్ మీద రెండు రోజులు కూర్చున్నాను. బిల్లు ఎక్కువగా కనిపిస్తే క్లయింట్ గొణుగుతాడని మా పార్ట్‌నర్ నా గంటల్లో సగం కొట్టేశారు. పోనీలే అనుకున్నాను. ఏడాది చివర 'టార్గెట్‌కు గంటలు తగ్గాయి' అని బోనస్ ఆపింది కూడా ఆయనే. డ్రాఫ్ట్‌లో తప్పేముందో ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టి చెప్పలేదు. పని ఎక్కువై మానేశానని అందరూ అనుకున్నారు. పనికి నేనెప్పుడూ భయపడలేదు. చేసిన పని చేయనట్టు లెక్క రాస్తే ఒళ్లు మండి మానేశాను.

పెన్‌డ్రైవ్:
ఇదీ అసలు మాట.

పాతకోటు:
నీలిసిరా గారూ, గంటలు కొట్టేయడం తప్పని నేనూ ఒప్పుకుంటాను. కానీ అందరూ పార్ట్‌నర్‌ను రాక్షసుణ్ణి చేస్తున్నారు కాబట్టి ఇటువైపు సంగతీ వినండి. నా వాటా నేను తెచ్చిన క్లయింట్లను బట్టే వస్తుంది. జూనియర్‌ను కూర్చోబెట్టి గంటసేపు నేర్పిస్తే నా ఖాతాలో పడేది సున్నా. ఆ గంటలోనే పక్క గది పార్ట్‌నర్ నా క్లయింట్‌కు ఫోన్ చేసి కుశలం అడుగుతాడు. 'ఇది సోమవారానికి ఇస్తే సరిపోతుందా' అని క్లయింట్‌ను ఎందుకు అడగరని మీరు అనొచ్చు. ఈరోజే ఇస్తానని చెప్పేవాడు పక్క గదిలోనే కూర్చుని ఉన్నాడు. ఇక నేనేం అడగను?

ఫైలుమోత:
అంటే మీ భయం క్లయింట్‌తో కాదు, పక్క గదితో. ఇదేదో మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే మెయిల్ బటన్ మీద తిట్టుకునే పని తప్పేది. మరి వాటాలు అలా పంచాలని నిర్ణయించింది ఎవరు సార్? పార్ట్‌నర్లు ఓటేసి పెట్టుకున్న పద్ధతి అది. అసోసియేట్‌కు, అంటే మాలాంటి జీతం లాయర్‌కు, అందులో ఓటే లేదు. మీరు పెట్టుకున్న ఆటలో మీకు టెన్షన్, దానికి మాకు ధ్యానం యాప్.

లెక్కలరాయుడు:
2015లో క్రీగర్, షెల్డన్ అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు వేల మంది లాయర్ల మీద చేసిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. పార్ట్‌నర్ అయినంత మాత్రాన సంతోషం పెరిగినట్టు వాళ్లకు కనిపించలేదు. పనిలో సొంత నిర్ణయానికి చోటు ఉండటం, పైవాళ్ల మద్దతు, తోటివాళ్లతో సంబంధాలు... వీటి ప్రభావమే గట్టిగా ఉంది.

పాతకోటు:
ఓటేశాను. రేపు మళ్లీ పెట్టినా అలాగే వేస్తాను. ఆఫీసు లీజు మీద, బ్యాంకు అప్పు మీద సంతకాలు మావి. క్లయింట్లు తగ్గితే మీరు ఇంకో ఫర్మ్‌కు వెళ్తారు, మేం అప్పు కడతాం. ముందు నేర్పిన గంటకు నా లెక్కలో విలువ కట్టండి. ఆ తర్వాత మనిషి మానేస్తే కోత పెట్టండి, నోరు మూసుకుని ఒప్పుకుంటాను.

నీలిసిరా:
నేర్పారో లేదో ఎవరు రాయాలి సార్, నేర్పినవాళ్లా, నేర్చుకున్నవాళ్లా?

పాతకోటు:
నేర్పినవాడే. టైమ్‌షీట్ ఎప్పుడైనా పక్కవాడు రాస్తాడా?

నీలిసిరా:
నా గంటలు పక్కవాళ్లే కొట్టేశారు కదండీ.