సమస్య: కథయె యడ్డంబు తిరిగెను గదర బావ!

నిర్వాహకుడు: ‘కన్యాశుల్కం’ నాటకం చివర, బుచ్చమ్మను పూనా పంపిస్తానని సౌజన్యారావు పంతులు తేల్చేశాక గిరీశం అనే మాట ఇది. నిన్న కుక్కర్ విజిల్ రాకపోతే మా ఆవిడ నోటా అదే వచ్చింది. చివర ‘బావ’ను నేను తగిలించాను. పూరించండి.

కోటగుమ్మం:
ఆదివారంబు నిద్దుర యనుకొనంగ
గ్యాసు పొయిమీద నారెను, కాఫి లేదు,
దిగిరి బంధువు లార్గురు తిండికనుచు,
కథయె యడ్డంబు తిరిగెను గదర బావ!

ఉగాదిపచ్చడి: గ్యా–కా యతి హాయిగా పడింది. కానీ అన్నీ ఇంటి కష్టాలే, నాటకం ఎక్కడండీ? బావ ఊరికే నిలబడ్డాడు.

గోదారిగట్టు: పండక్కి ఊరెళ్తుంటే బస్టాండులో నాకు జరిగింది.
ముందు వచ్చితి నేనని మురిసి పోతి
సీటు మీదికి తువాలు చేత విసిరి,
పక్క గుమ్మాన నెక్కిన బామ్మ చేరె,
కథయె యడ్డంబు తిరిగెను గదర బావ!

ఉగాదిపచ్చడి: పూరణంటే ఇదీ! ముందొచ్చి తలవైపు కూర్చున్నది దుర్యోధనుడు, కృష్ణుడు కళ్లు తెరవగానే కనపడింది కాళ్ల దగ్గరున్న అర్జునుడు. తిరుపతి వేంకట కవుల పడక సీనంతా ఆర్టీసీ సీటు మీదికి వచ్చేసింది. ఇక్కడ ‘బావ’ అన్న పిలుపుకి ప్రాణం ఉంది. ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ అని రాగం తీయాలనిపించింది.

కోటగుమ్మం: రాగం తర్వాత తీద్దురుగాని, ‘తువాలు’ చూశారా? ఛందస్సు ప్రకారం ఇంద్రగణం రావలసిన సీటులో జగణం కూర్చుంది. నా పద్యంలో బావను వెతికినవారికి ఇది కనపడలేదా? అన్నట్టు, మొన్న మీరు మీ పద్యంలో కాటిసుంకం అడిగే హరిశ్చంద్రుణ్ణి టోల్‌గేటులో నిలబెట్టారు. చంద్రమతి ఒళ్లో లోహితుడి శవం ఉన్న ఘట్టమండీ అది! మా ఊళ్లో ఆ సీను ఆడుతుంటే మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. మీ పద్యం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

ఉగాదిపచ్చడి: అందులో మీ మాటే ఒప్పు, తీసేస్తాను. సుంకం దొరికింది కదా అని ఆ తల్లిని మరిచిపోయాను. బస్సు పద్యం మాత్రం గణం తప్పినా నాకు మీ గ్యాసు కంటే మిన్నే.

గోదారిగట్టు: కోటగుమ్మం గారూ, దిద్దుకున్నాను: ‘సీటు మీదికి తువ్వాలు చేత విసిరి’. ఒక్క వొత్తుతో నిలబడింది. ఆ బామ్మ నా తువ్వాలు నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చి, కాస్త జరిగి, “కూర్చో నాయనా” అంది.