మామయ్య షాపు అటక మీద 140 గేమ్ సీడీలు, 60 ఫ్లాపీలు. ఏం చేయమంటారు?

గవ్వల_సంచి
అందరికీ నమస్తే. మా మేనమామకి 1996 నుంచి 2005 దాకా రాజమండ్రిలో కంప్యూటర్ షాపు ఉండేది. అసెంబ్లింగ్, సర్వీసింగ్, ఇక మిగతా వ్యాపారం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. మొన్న ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రెండు అట్టపెట్టెలు దొరికాయి. 140 దాకా సీడీలు, 60 ఫ్లాపీలు. ఫ్లాపీల్లో సగం పాత పెద్దవి, 5.25 అంగుళాలవి. బాక్సు, పుస్తకంతో సహా ఉన్న ఒరిజినల్స్ మూడే మూడు. మిగతావన్నీ మార్కర్‌తో పేరు రాసినవే. ఒక సీడీ మీద "రోడ్‌రాష్ + క్లా + వర్చువా కాప్ 2, ఇవ్వొద్దు" అని ఉంది. ఎవరికి ఇవ్వొద్దో తెలీదు.

ఫ్లాపీలు ఎలా చదవాలి? సీడీలు కంప్యూటర్లో ఐఎస్ఓ (సీడీకి కాపీగా ఒక ఫైలు) చేసి దాచుకుంటే చాలా? కాపీలకి కూడా డబ్బులిచ్చే కలెక్టర్లు ఉంటారా? నెట్‌లో పెడితే కేసు అవుతుందా? పాత సామాన్లవాడు ఆదివారం వస్తాడు, ఆలోపు తేల్చమని మా ఆవిడ గడువు పెట్టింది.

కోఠీ_కుర్రాడు
అన్నా, రోడ్‌రాష్ అని చూడగానే చెయ్యి ఆగిపోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో 80 రూపాయలు పెట్టి కొన్నా. అందులో బైకు మోత తప్ప ఇంకేం లేదు. రేసు అయ్యాక వీడియోలు లేవు, పాటల్లేవు. ఆ గేమే అంత అనుకున్నా. పదిహేనేళ్ల తర్వాత యూట్యూబ్‌లో చూస్తే సౌండ్‌గార్డెన్ లాంటి బ్యాండ్ల పాటలున్నాయట అందులో! సైజు తగ్గించడానికి ఎవడో కోసి పారేశాడు. నా చిన్నతనాన్ని ఎడిట్ చేసినవాడు దొరికితే రెండు పీకుతా.

డాస్_దొర
ఐఎస్ఓ చేయకండి. ఇక్కడ ఇది నేను వందోసారి చెప్పడం. ఆ కాలం గేముల్లో చాలావాటికి సంగీతం మామూలు పాటల సీడీలో లాగా ఆడియో ట్రాకులుగా ఉంటుంది. 1996 క్వేక్ తీసుకోండి, సంగీతం మొత్తం అలాగే ఉంటుంది. ఐఎస్ఓలోకి డేటా ట్రాకు ఒక్కటే వస్తుంది, పాటలు పోతాయి. పాటల ట్రాకులు కూడా వచ్చేలా బిన్, క్యూ అనే రెండు రకాల ఫైళ్లుగా తీయాలి. ఇరవై ఏళ్లుగా ఇదే పని మీద ఉన్నా, నా దగ్గర 900 పైన డిస్కులున్నాయి, ఒక్కటి పోగొట్టలేదు. కుర్రాడి రోడ్‌రాష్ లాంటి కోతల సీడీలు దాచడం మాత్రం దండగ. ఇంతకీ ఆ మూడు ఒరిజినల్స్ ఏంటి?

గవ్వల_సంచి
థాంక్స్ దొరగారూ. పెద్ద ఫ్లాపీల మీద పేర్లు చూశా: ప్రిన్స్, డేవ్, డిగ్గర్, పారాట్రూపర్, లోటస్. ఈ లోటస్ గేమో, లెక్కలు వేసుకునే 1-2-3నో తెలీదు.

బందరు_లడ్డు
ప్రిన్స్ ఆఫ్ పర్షియా! మా స్కూల్ ల్యాబ్‌లో ఫస్ట్ లెవెల్ దాటితే హీరో. దాటాక ఆ సీసాల గది వచ్చేది గుర్తుందా? మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా పదం మొదటి అక్షరం ఉన్న సీసా తాగు అంటుంది. మాన్యువల్ ఎవడి దగ్గరుంది! తప్పు సీసా తాగితే ప్రాణం తగ్గుతుంది. అది కాపీ ప్రొటెక్షన్ అని అప్పుడు మాకెవరికీ తెలీదు. రాకుమారుడికి దాహం పరీక్ష అనుకున్నాం. ఏయే అక్షరం తాగితే తలుపు తెరుచుకుందో మా సీనియర్ ఒకడు లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టాడు. ఆ పేజీకి జెరాక్సులు తీసి రూపాయికి అమ్మాడు. పైరసీకి పైరసీ.

కోఠీ_కుర్రాడు
అంత కష్టం దేనికి, డాస్ ప్రాంప్ట్‌లో ప్రిన్స్ పక్కన మెగాహిట్ అని కొడితే చీట్ కోడ్లన్నీ పనిచేస్తాయి కదా. షిఫ్ట్, ఎల్ కొట్టి లెవెల్ దాటేయడమే.

డాస్_దొర
మెగాహిట్ కాదు. ఇంప్రూవ్డ్ అని కొట్టాలి.

కోఠీ_కుర్రాడు
భయ్యా నేను నా చేతుల్తో కొట్టా. మెగాహిట్.

డాస్_దొర
మీ చేతులు వేరే ఏదో కొట్టి ఉంటాయి. నా దగ్గర ఫ్లాపీ ఉంది, ఇవాళ కూడా నడిపి చూశా.

బందరు_లడ్డు
మా ల్యాబ్‌లో కూడా మెగాహిట్టే.

డాస్_దొర
ముప్ఫై ఏళ్ల కిందటి జ్ఞాపకాలని సాక్ష్యంగా తెచ్చేవాళ్లతో వాదించలేను.

గుంటూరు_గోంగూర
ఇద్దరూ ఆగండి సామీ. మొదటి వెర్షన్‌కి మెగాహిట్, 1.3, 1.4 వెర్షన్లకి ఇంప్రూవ్డ్. ఎవరి ఫ్లాపీ వాళ్లకి నిజమే. దొరగారూ, కోతల కాపీ దండగ అన్నారు గానీ, ఎవరి దగ్గర ఏ వెర్షన్ తిరిగిందో ఇలాంటి కాపీలుంటేనే కదా తెలిసేది?

ఇంకో మాట. గవ్వలగారూ, ఆ సీడీలు మీరు రోజూ వాడే కంప్యూటర్లో పెట్టకండి. 1999 ఏప్రిల్ 26న నేను ఓ ఇన్‌స్టిట్యూట్‌లో సి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నా. పొద్దున వెళ్లి ఆన్ చేస్తే పద్దెనిమిది మెషీన్లలో పదకొండు నల్లటి తెర. సీఐహెచ్ వైరస్, చెర్నోబిల్ అన్నారే అది. హార్డ్ డిస్క్ మొదట్లో చెరిపేయడమే కాదు, మదర్‌బోర్డు మీద, మెషీన్ మొదలవడానికి కావాల్సిన బయోస్ చిప్‌లో కూడా చెత్త రాసేది. గేములాడింది మేమే, ఎవరి సీడీ నుంచి వచ్చిందో ఎవరూ ఒప్పుకోలేదు. అది విండోస్ 95, 98 మీదే పనిచేసేది కాబట్టి ఇప్పటి మెషీన్లకి దానితో భయం లేదు. కానీ పాత మెషీన్ తెచ్చి నడిపిస్తే మాత్రం తేదీ చూసుకోండి.

పలక_బలపం
అందరూ నవ్వుకుంటున్నారు, సరే. నాదీ వినండి. 2001లో నేను, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి పిల్లలకి అక్షరాలు నేర్పే తెలుగు సీడీ చేశాం. గుణింతాల మీద నాలుగు చిన్న ఆటలు. ఏడు నెలల పని. గొంతు మా చెల్లెలిది, ఫ్యాన్ ఆపేసి, గదిలో పరుపులు నిలబెట్టి రికార్డు చేశాం. ధర 250 పెట్టాం. నెలన్నర తిరక్కుండానే ఓ షాపులో 40కి చూశా. కవర్ కలర్ జెరాక్స్. మా ఫోన్ నంబర్ కూడా అలాగే ఉంచారు. కాబట్టి ఆ కాపీ ఇన్‌స్టాల్ కాకపోతే కొన్నవాళ్లు మాకే ఫోన్ చేసి తిట్టేవాళ్లు. "డబ్బులు తీసుకుని పనిచేయని సరుకిస్తారా" అని. 300 కూడా అమ్మలేదు. ఆ కాపీలని ఇవాళ వారసత్వం, చరిత్ర అంటుంటే నాకు కడుపు మండుతుంది.

బెజవాడ_బాబాయ్
పలకగారూ, ఆ 40 రూపాయల గుంపులో నేనూ ఉన్నా. మీ సీడీ కాదు లెండి, నావి అన్నీ గేములే. దాచుకోను, 1999 నుంచి నాలుగేళ్లు అదే తిండి పెట్టింది.

ఎలా ఉండేదంటే, బయటి దేశాల నుంచి ప్రెస్‌లో అచ్చయి వచ్చే దొంగ డిస్కులని సిల్వర్ అనేవాళ్లం. మేం రైటర్‌లో కొట్టేవి గోల్డ్. మాది 4ఎక్స్ రైటర్, సీడీకి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు మౌస్ ముట్టుకోకూడదు, సొలిటేర్ కూడా ఆడకూడదు. కంప్యూటర్ డేటా అందించడం ఒక్క క్షణం ఆలస్యమైతే బఫర్ అండర్‌రన్, సీడీ గోవిందా. ఎండాకాలం కరెంటు కోతల్లో రోజుకి అయిదారు పోయేవి. వాటిని మా వీధిలో పిల్లలు సైకిల్ చక్రాలకి కట్టుకునేవాళ్లు. గవ్వలగారి "ఇవ్వొద్దు" అంటే మాస్టర్ కాపీ అని. షాపులో కుర్రాడు పొరపాటున కస్టమర్‌కి ఇచ్చేయకుండా రాసుకునేవాళ్లం. అది జాగ్రత్త, మిగతావాటికి తల్లి అదే.

పలక_బలపం
"అదే తిండి పెట్టింది". ఎవరి కంచంలోదో కూడా చెప్పండి బాబాయ్.

బెజవాడ_బాబాయ్
తప్పు కాదన్లేదండి. కానీ ఒరిజినల్ గేము వెయ్యి, రెండు వేలు ఉన్నప్పుడు మా వీధిలో ఎవరు కొనేవారు? అసలు మా ఊళ్లో అమ్మేవాడే లేడు.

పలక_బలపం
మాది 250. మీ ఊళ్లోనే అమ్మాం.

కృష్ణాతీరం_యూఎస్
పలకగారి ఫోన్ నంబర్ కథ చదివితే బ్రెయిన్ వైరస్ గుర్తొచ్చింది. 1986, లాహోర్. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల వైద్య సాఫ్ట్‌వేర్ జనం కాపీ కొడుతున్నారని రాశామన్నారు. 360 కేబీ ఫ్లాపీలో మొదట చదివే బూట్ సెక్టర్‌లో కూర్చునేది. అందులో వాళ్ల పేర్లు, అడ్రస్, ఫోన్ నంబర్లు వాళ్లే పెట్టారు! ఎక్కడెక్కడి నుంచో వాళ్లకీ ఫోన్లొచ్చాయి.

చట్టం_చెప్తా
కేసు గురించి అడిగారు, ఎవరూ చెప్పలేదు కాబట్టి. 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 63బి. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారానికో కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలే వీలు కోర్టుకి ఉంది. ఒరిజినల్ సక్రమంగా మీ దగ్గరుంటే పోకుండా బ్యాకప్ తీసుకోవచ్చు, అది సెక్షన్ 52లో ఉంది. అంటే మీ మూడింటికే. "అబాండన్‌వేర్", అంటే కంపెనీ వదిలేసిన పాత సాఫ్ట్‌వేర్, అనే మాట చట్టంలో లేదు. కంపెనీ మూతపడినా హక్కు ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది.

కృష్ణాతీరం_యూఎస్
ఇక్కడా అంతే. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవు. లైబ్రరీల్లో ఉన్నవాటిని పరిశోధకులు దూరం నుంచి ఆడుకోనివ్వమని అడిగితే 2024 అక్టోబర్‌లో కాపీరైట్ ఆఫీసు కుదరదంది.

విశాఖ_విజిల్
ఒరిజినల్ ఒరిజినల్ అంటున్నారు. 2004లో మొదటి జీతంతో ఒరిజినల్ కొన్నా. పెద్ద బాక్సు, మ్యాప్, అన్నీ. నాతో రూంలో ఉండే వెధవ అదే గేము 60కి తెచ్చాడు. నన్ను చూసి మూడు రోజులు నవ్వాడు. పోయిన నెల ముచ్చటపడి విండోస్ 10లో పెడితే నా డిస్కు నడవలేదు. దాంట్లో కాపీ కొట్టకుండా పెట్టిన సేఫ్‌డిస్క్ తాళం ఉంది, ఆ తాళం అడిగే డ్రైవర్ విండోస్ 10లో లేనే లేదు. భద్రతకి ప్రమాదమని 2015లో పాత విండోస్‌లలో కూడా అప్‌డేట్ పెట్టి ఆపేశారు. వాడి తాళం తీసేసిన క్రాక్ సీడీ మాత్రం సుబ్బరంగా ఆడుతోంది. దొంగది నడుస్తుంది, దొరది కుంటుతుంది.

డాస్_దొర
నా పేరు మీద జోకులొద్దు.

విశాఖ_విజిల్
మీ గురించి కాదు సార్, సామెతలా అన్నా. టెన్షన్ పడకండి.

గుంటూరు_గోంగూర
దాని కన్నా విచిత్రం, మ్యాక్స్ పేన్ 2 గేము స్టీమ్ అనే ఆన్‌లైన్ షాపులో డబ్బులకి అమ్మిన కాపీలో రేజర్ 1911 అనే క్రాకర్ల ముద్ర దొరికింది, 2010లో. తాళం తీయడానికి తయారీదారే దొంగ చేసిన పని వాడుకున్నాడన్నమాట.

కోఠీ_కుర్రాడు
ముస్తఫా గేము ఉందా ఎవరి దగ్గరైనా? అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని పెళ్లయ్యాక తెలిసింది.

బెజవాడ_బాబాయ్
అది పీసీ గేము కాదు తమ్ముడూ, క్యాప్‌కామ్ వాళ్ల ఆర్కేడ్ బోర్డు, 1993ది. ఆ బోర్డులా పీసీలో నడిచే ఎమ్యులేటర్ వేసుకో.

గవ్వలగారూ, పెద్ద ఫ్లాపీల సంగతి ఎవరూ చెప్పలేదు. యూఎస్‌బీ డ్రైవులు చిన్న ఫ్లాపీలకే. పెద్దవాటికి అసలు డ్రైవు పాత సామాన్లలో వెతకాలి, గ్రీజ్‌వీజల్ అని చిన్న బోర్డు వస్తుంది, దాంతో ఇప్పటి కంప్యూటర్‌కి కలపొచ్చు. ముందు ఒక్కో ఫ్లాపీని వెలుతురులో పెట్టి, మధ్య రంధ్రంలో వేళ్లతో మెల్లగా తిప్పుతూ సందులోంచి చూడండి. తెల్లటి మచ్చలుంటే బూజు. గోదావరి గాలికి ఖాయంగా ఉంటుంది. అలాంటిది డ్రైవులో పెట్టారో, హెడ్డుకి పట్టి తర్వాత పెట్టే మంచివాటిని కూడా గీకేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, నీళ్లు వద్దు.

పలక_బలపం
బాబాయ్, ఒకటి అడుగుతా. మా సీడీ మాస్టర్ 2008లో మా ఇంట్లో హార్డ్ డిస్క్‌తో పాటే పోయింది. మా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. ఆ షాపుల్లో సరుకు ఇంకా ఎవరి దగ్గరైనా ఉండే అవకాశం ఉందా?

బెజవాడ_బాబాయ్
పేరు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి. మా పాత పార్ట్‌నర్ గోడౌన్‌లో ఓ మూడు బస్తాలున్నాయి. మాటివ్వను, వెతుకుతా.

డాస్_దొర
నాకూ పంపండి పలకగారూ. తెలుగు విద్యా సీడీలు నా దగ్గర ఓ నలభై దాకా ఉన్నాయి. కాపీలే. కోతలవి కూడా కొన్ని.

గవ్వల_సంచి
అప్‌డేట్. పాత సామాన్లవాడు వచ్చాడు, వైర్లు, రెండు కీబోర్డులు ఇచ్చి పంపేశా. పెట్టెలు అటక మీంచి నా గదిలోకి మారాయి, మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. చిన్న ఫ్లాపీల్లో పదకొండు ప్రయత్నిస్తే నాలుగు చదివాయి. ఒకదాంట్లో డేవ్, దాని పక్కనే ఎవరిదో పాస్కల్ అసైన్‌మెంట్, 1997 నవంబర్ తేదీతో. బబుల్ సార్ట్. చివర్లో ఒక సెమీకోలన్ తక్కువైంది.

పెద్దవాటిలో సగానికి తెల్ల మచ్చలున్నాయి, ఆల్కహాల్ తెప్పించా. డ్రైవు ఇంకా దొరకలేదు, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

డాస్_దొర
డ్రైవు నేను పంపుతా, తిరిగి ఇవ్వాలి. ఆ మూడు ఒరిజినల్స్ ఏంటో ఇప్పటికైనా చెప్తారా?

బందరు_లడ్డు
ప్రిన్స్ ఫ్లాపీ చదివాక అది మెగాహిట్టో ఇంప్రూవ్డో ముందు చెప్పండి.