పెట్టిన గుడ్డు తానే తినే కోడి: కోయాలా, మాన్పించాలా?

కాజీపేట పెరడు:
ఇంటి వెనక వంద గజాల జాగ ఉంది. ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. పెట్టల్లో ఆరు గ్రామప్రియ రకం, రెండు నాటువి. ఏప్రిల్ దాకా రోజుకు నాలుగైదు గుడ్లు దొరికేవి. ఇప్పుడు ఒకటి దొరికితే ఎక్కువ. ముందు పాము పని అనుకున్నాం, తర్వాత ముంగిసను అనుమానించాం. మొన్న ఆదివారం పొద్దున నా కళ్లతో నేనే చూశాను. ఒక గ్రామప్రియ గుడ్డు పెట్టింది, లేచింది, వెనక్కి తిరిగి రెండు పోట్లు పొడిచింది. ఇంకో రెండు ఉరికొచ్చాయి. నేను చేరేలోపు పెంకు కూడా మిగల్లేదు.

మా అత్తమ్మ ఆదివారం కూర చేద్దామంటున్నారు. మా ఆయన ముక్కు కొస కత్తిరిద్దామంటున్నారు. పిల్లలు ఆ కోడికి పేరు కూడా పెట్టుకున్నారు, కూర మాట ఎత్తితే ఏడుపులు. మేత ఏం పెడతానంటే మక్కలు, నూకలు, తవుడు, మిగిలిన అన్నం. గుడ్లు పెట్టడానికి మేస్త్రీలు వదిలేసి పోయిన ఇనుప తట్టలో ఇంత వరిగడ్డి వేశాను. కోయాలా, మాన్పించొచ్చా? మాన్పించినవాళ్లు ఉంటే చెప్పండి.

పరకాల పెద్దన్న:
కోసెయ్ బిడ్డా. నలభై ఏండ్ల సంది కోళ్లు సాదుతున్న. రుచి మరిగిన కోడి మళ్ల మంచిగైనట్టు నేను చూడలే. ఒకటి పొడిస్తే పక్కది చూస్తది, నెల తిరిగేసరికి మందంతా దొంగలే. నీ దగ్గర ఇప్పటికే మూడైనయి. పిల్లలు రెండు రోజులు ఏడుస్తరు, మూడో రోజు మరిచిపోతరు.

హుజూరాబాద్ అక్క:
అయ్యో, గుడ్లు పెట్టే కోడిని కోస్తారా! మా అమ్మ చేసేది చెప్తాను. గుడ్డుకు చిన్న బొక్క చేసి, సొన తీసేసి, లోపల మంచి కారం నింపి, పిండితో మూసి గూట్లో పెట్టాలి. ఒక్కసారి నోరు మండిందంటే మళ్లీ గుడ్డు జోలికి పోదు.

రిటైర్డ్ పశువైద్యం:
అక్కా, కారం కోడికి మండదు. మనకు మంట తెలిసేలా చేసే నరాల మీద మిరపలోని ఘాటు పనిచేస్తుంది, పక్షుల నరాల మీద ఆ ఘాటు పనిచేయదు. మిర్చి చేలో పిట్టలు పండు మిరపకాయలు హాయిగా తినడం చూసే ఉంటారు. ఘాటు తక్కువుండే చపాటా మిర్చి కారం వేసినా, ఎంత ఘాటు రకం వేసినా కోడికి అది ఎర్రటి పిండి, అంతే. ఆవపిండి సంగతి వేరు, దాని ఘాటు వేరే రకం. కొన్ని కోళ్లు దానికి వెనక్కి తగ్గుతాయి, కొన్ని తగ్గవు. నేనైతే దాని మీద నమ్మకం పెట్టుకోను.

కాజీపేట చెల్లెమ్మా, నీ పోస్టులో జవాబు సగం నువ్వే రాసేశావు. మక్కలు, నూకలు, తవుడు, అన్నం. వీటిలో కాల్షియం దాదాపు లేనట్టే. గ్రిట్, అంటే ఆల్చిప్పల ముక్కలు, పెట్టాలి. ఒక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లకు అదీ చాలదు, పెంకు పలచబడుతుంది. నీ గూడేమో ఇనుప తట్ట. కోళ్లు తొక్కి గడ్డి పక్కకు పోయుంటుంది, గుడ్డు ఇనుము మీద పడి చిట్లుతుంది. చిట్లిన గుడ్డును ఏ కోడైనా తింటుంది, అందులో దాని తప్పేం లేదు. నాలుగుసార్లు చిట్లింది తిన్నాక, చిట్లనిదాన్ని చిట్లగొట్టడం నేర్చుకుంటుంది.

పైగా మే నెల. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగపోస్తుంది. అలా ఎగపోసినప్పుడు బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేట్ రక్తంలో తగ్గుతుంది. ఎండకు మేత కూడా తక్కువ తింటుంది. ఏప్రిల్ దాకా బాగుండి ఇప్పుడు పాడైందంటే నాకు వింతేం అనిపించడం లేదు.

పరకాల పెద్దన్న:
సారూ, మీ లెక్కలు మంచిగనే ఉన్నయి. మా అవ్వ ఏ కాల్షియం పెట్టింది? వాకిట్ల గుప్పెడు నూకలు చల్లేది, అంతే. ఆమె కోళ్లు ఒక్కనాడు గుడ్డు తినలే.

రిటైర్డ్ పశువైద్యం:
పెద్దన్నా, మంచి ప్రశ్న వేశారు. అవ్వ కోడి ఏడాదికి పెట్టింది యాభై, అరవై గుడ్లు. పది, పన్నెండు పెట్టి పొదుగుడుకు కూచునేది. ఆ మూడు వారాలు, తర్వాత పిల్లల్ని తిప్పుకునే రెండు నెలలు గుడ్డు లేదు, ఎముకలు మళ్లీ నిండేవి. రోజంతా పెంటకుప్పలు గీరేది, చెదలు, నత్తలు, పురుగులు తినేది. గ్రామప్రియ అలాంటిది కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు గుడ్ల కోసమే తయారుచేసిన రకం. బాగా చూసుకుంటే ఏడాదికి రెండు వందలకు అటూ ఇటూ పెడుతుంది, పొదుగుడు పెద్దగా ఉండదు. అంటే మూడు, నాలుగు రెట్ల గుడ్లు. దాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి, అవ్వ కోడికి వేసిన నూకలే వేస్తే ఎట్లా?

జమ్మికుంట మక్కలు:
మా దగ్గర తాగే నీళ్లల్లో సున్నపు తేట కలుపుతారు. ఖర్చు లేని పని.

రిటైర్డ్ పశువైద్యం:
తమ్మీ, లీటరు తేటలో కరిగే కాల్షియం గ్రాము కూడా ఉండదు. ఆ నీళ్లు నోటికి ఘాటుగా తగిలి కోడి తాగడమే తగ్గిస్తుంది. మే నెలలో నీళ్లు తగ్గితే గుడ్డు కాదు, కోడే పోతుంది.

లేయర్ ఫారం తమ్ముడు:
ముక్కు కత్తిరించే మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను లేయర్ ఫారంలో, అంటే గుడ్ల కోళ్ల ఫారంలో, ఆరేళ్లు చేసిన. అక్కడ పిల్ల వారం, పది రోజుల వయసులో ఉన్నప్పుడే వేడి బ్లేడు మిషన్‌తో కోస్తారు, అప్పుడే రక్తం ఆగేలా కాలుస్తారు. పెద్ద కోడికి ఇంట్లో కత్తెరతో చేయకండి. ముక్కులో నరాలున్నాయి, రక్తం తొందరగా ఆగదు, నొప్పికి కోడి మేత సరిగా ముట్టదు. పెరట్లో గీరుకుని తినే కోడికి ముక్కే చెయ్యి.

ఇంకో సంగతి. ఫారంలో కోళ్లు గుడ్లు తినకపోవడానికి అసలు కారణం ముక్కు కోయడం కాదు. కోళ్లుండే పంజరం అడుగు జాలి వాలుగా ఉంటుంది. గుడ్డు పడగానే దొర్లి బయటికి వచ్చేస్తుంది, కోడికి అందదు. అంతే కథ. ఇంట్లో కూడా చేసుకోవచ్చు. టమాటా ప్లాస్టిక్ క్రేటు తీసుకుని వెనక వైపు కింద సగం ఇటుక పెట్టండి. అడుగున కాళ్లు తుడుచుకునే రబ్బరు పట్టా పరవండి. ముందు వైపు అంచు కోసి, గుడ్డు దూరేంత సందు వదిలి, గోనెసంచి ముక్క వేలాడదీయండి. గుడ్డు దాని కింద నుంచి దొర్లి బయట గడ్డి మీద ఆగాలి. వాలు మరీ ఎక్కువైతే కోడి ఎక్కదు.

పరకాల పెద్దన్న:
క్రేటు, పట్టా, గ్రిట్టు... ఇయ్యన్నీ కొనేసరికి ఇంకో రెండు పెట్టలస్తయి కదా తమ్మీ. పెరటి కోడి అంటేనే ఖర్చు లేకుండ పెరగాలె. సరే, మూడు వారాలు చూడు బిడ్డా. అప్పటికీ తింటే నా మాట విను. దొంగ ఏదో ముందు తేల్చుకో, మంచిదాన్ని కోస్తవ్.

కాజీపేట పెరడు:
అందరికీ థ్యాంక్స్. ఏది తింటోందో సాయంత్రం తెలుస్తుందని మా ఆయన అన్నారు, ముక్కు మీద సొన ఎండి ఉంటుందట. చూస్తే మూడు కోళ్లకు ఉంది. అందులో ఒకటి మా అత్తమ్మ ముద్దుగా చూసుకునే నాటుకోడి! ఇప్పుడు ఆమె కూర మాట మాట్లాడటం లేదు :)

సార్, గ్రిట్ ఎంత పెట్టాలి? ఇంట్లో గుడ్డు పెంకులు పెట్టొచ్చా? పెంకు రుచి చూపిస్తే ఇంకా అలవాటవుతుందని పక్కింటావిడ భయపెడుతోంది.

రిటైర్డ్ పశువైద్యం:
పెంకు ఆకారం కనిపించకుండా వేయించి, పొడి చేసి పెడితే ఏం కాదు. కానీ మీ ఇంటి పెంకులు ఎనిమిది కోళ్లకు చాలవు. కోళ్ల మేత దుకాణంలో షెల్ గ్రిట్ అడుగు, ఆల్చిప్పల ముక్కలు ఇస్తారు. వేరే గిన్నెలో పెట్టు, ఎంత కావాలో కోడికే తెలుసు. సాయంత్రం గిన్నె నిండుగా ఉండాలి, ఎందుకంటే పెంకు ఎక్కువగా రాత్రే కడుతుంది. మేతలో సగమైనా లేయర్ మేత కలుపు. మక్కల్లో ఎనిమిది, తొమ్మిది శాతం మాంసకృత్తులుంటాయి, పెట్టకు పదహారు దాకా కావాలి. ఆ లోటు కూడా గుడ్డు మీదికి తోస్తుంది. లేయర్ మేత కోడిపిల్లలకు మాత్రం వేయొద్దు, అంత కాల్షియం వాటి కిడ్నీలకు చెరుపు. పొద్దున పదకొండు లోపల రెండుసార్లు గుడ్లు ఏరుకో. ఎనిమిది పెట్టలకు ఒక్క గూడు చాలదు, రెండు పెట్టు. గూడు చీకటిగా ఉండాలి, చూపు ఆనకపోతే పొడవదు. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం నీకు దగ్గరే, ఒకసారి పోయి రా.

కాజీపేట పెరడు (మూడు వారాల తర్వాత):
రెండు క్రేట్ల గూళ్లు చేశాం. గ్రిట్ మొదటి రెండు రోజులు ఎగబడి తిన్నాయి, ఇప్పుడు తగ్గాయి. రెండో వారం నుంచి పెంకు గట్టిగా ఉంది, కొట్టేటప్పుడు చేతికి తెలుస్తోంది. నిన్న నాలుగు గుడ్లు, ఇవాళ ఐదు. ఆ మొదటి కోడి మాత్రం గుడ్డు పెట్టగానే ఇప్పటికీ వెనక్కి తిరిగి వెతుకుతోంది. దొరకడం లేదు, అంతే. ఒకసారి గోనె కింద తల దూర్చి చూసింది, గుడ్డు మూరెడు దూరంలో ఉంది.

పరకాల పెద్దన్న:
అంటే మారలే. దొంగకు తాళం ఏసినవ్, అంతే కదా.

లేయర్ ఫారం తమ్ముడు:
తాళం చాలు కదా పెద్దన్నా, గుడ్డు మన చేతికొస్తే.

కాజీపేట పెరడు:
పెద్దన్న చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నా. ఇప్పుడు కొత్త టెన్షన్. అత్తమ్మ నాటుకోడి పొదుగుడుకు వచ్చింది. క్రేటులో కూచుంటోంది, కిందపెట్టిన గుడ్లేమో దొర్లి బయటికి పోతున్నాయి. అది లేచి, చూసి, మళ్లీ కూచుని అరుస్తోంది.

పరకాల పెద్దన్న:
గా సామాను దానికెందుకు బిడ్డా. మూలకు వెదురు గంప పెట్టు, అడుగున బూడిద, పైన వరిగడ్డి, పదకొండు గుడ్లు. చీకటి పడ్డంక తీసుకపోయి కూచోబెట్టు.